నక్షత్రగమనమునకు చలనచిత్రము

రాత్రివేళ ఆకాశమును పది నిమిషములు చూచినను నక్షత్రములు కదలుచున్నట్లు తోచదు. కాని సాయంకాలము తూర్పున ఉదయించిన నక్షత్రము తెల్లవారుసరికి పడమటికి చేరును. ఈ మందగమనమును పది సెకనులలో కన్నులకు కట్టించు ఉపాయమొకటి కలదు. కెమేరాను ముక్కాలిపీటపై కదలకుండ నిలిపి, సమానమైన వ్యవధులలో వందలకొలది ఛాయాచిత్రములు తీసి, వానిని వరుసగా వేగముగా చూపవలెను. ఇందు ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: ఒక్కొక్క చిత్రమునకు కెమేరా షట్టరును ఎంతసేపు తెరచి ఉంచవలెను?

నక్షత్రకాంతి అత్యల్పము గనుక ఎక్కువసేపు తెరచుటయే మేలని తోచును. అందుకు అడ్డు వచ్చునది భూభ్రమణము. భూమి 23 గంటల 56 నిమిషముల 4 సెకనులలో ఒకసారి తన చుట్టు తాను తిరుగును. అందుచే ఖగోళ మధ్యరేఖ దగ్గరనున్న నక్షత్రము సెకనుకు సుమారు 15 వికలలు జరిగినట్లు కనబడును. వికల యనగా డిగ్రీలో 3,600వ భాగము. ఓరియన్ మండలము నడుమ వరుసగా కనబడు మూడు నక్షత్రములు ఇట్టివే.

24 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకముతో 20 సెకనులు చిత్రము తీసితిమనుకొందము. నక్షత్రము 300 వికలలు జరుగును. ఇది 0.00145 రేడియను. దీనిని 24 చే గుణించిన 0.035 మిల్లీమీటరు వచ్చును. కెమేరాలో పూర్వపు ఫిల్ము స్థానమున నేడుండు సెన్సారు 36 మిల్లీమీటర్ల వెడల్పు కలిగి, అడ్డముగా 6,000 గడులతో నుండినచో, ఒక్కొక్క గడి 0.006 మిల్లీమీటరు. కనుక చుక్కగా నుండవలసిన నక్షత్రము ఆరు గడుల గీతగా సాగును. కాని చలనచిత్రమునకు అడ్డముగా 1,920 గడులే చాలును. మూడు గడులు ఒక్కటిగా కుదించబడును గనుక ఆ గీత రెండు గడులకు తగ్గును. కంటికి దోషముగా తోచదు. అదే చిత్రమును పెద్దదిగా అచ్చు వేసినచో గీత బయటపడును.

ఇట్టి సెన్సారుకు ఛాయాగ్రాహకులు ఒక సులభసూత్రము పాటింతురు: 500 ను నాభ్యంతరముచే భాగించిన, తెరచి ఉంచదగిన సెకనులు వచ్చును. 24 మిల్లీమీటర్ల కటకమునకు సుమారు 20 సెకనులు. 50 మిల్లీమీటర్ల దానికి 10 సెకనులు. సెన్సారు చిన్నదైనచో ఈ కాలమును ఇంకను తగ్గించవలెను.

కాలమునకు ఇట్లు హద్దు ఏర్పడినది గనుక కటకపు రంధ్రమును వీలైనంత పెద్దదిగా తెరవవలెను. ఎఫ్ 2.8 అనగా రంధ్రపు వ్యాసము నాభ్యంతరములో 2.8వ వంతు, 24 మిల్లీమీటర్ల కటకమునకు 8.6 మిల్లీమీటర్లు. ఎఫ్ 4 వద్ద 6 మిల్లీమీటర్లే. వైశాల్యము వ్యాసవర్గమును అనుసరించును గనుక మొదటిదానిలో రెండింతల వెలుగు ప్రవేశించును. మిగిలిన కొరతకు ఐ.ఎస్.ఓ. సంఖ్యను 1600 లేక 3200 చేయుదురు. ఇది వెలుగును పెంచదు; వచ్చిన స్వల్పసంకేతమును హెచ్చించి చూపును. అందుతోపాటు చిత్రమునందలి మచ్చలును స్పష్టపడును. కావున దీనిని కడపట ఆశ్రయింపవలెను.

రంధ్రము, కాలము, ఐ.ఎస్.ఓ. అను మూడింటిని ముందుగా నిర్ణయించి, చివరివరకు మార్పకుండ ఉంచవలెను. కెమేరాయే స్వయముగా నిర్ణయించుకొనునట్లు విడిచినచో చిత్రమునకు చిత్రమునకు వెలుగు మారి, చలనచిత్రము మినుకుమినుకుమనును. చంద్రుడు లేని రాత్రి, సూర్యాస్తమయమైన సుమారు గంటన్నర తరువాత, పట్టణపు దీపములకు దూరముగా ప్రారంభించుట మంచిది.

సెకనుకు 25 చిత్రముల చొప్పున పది సెకనుల ప్రదర్శనకు 250 చిత్రములు కావలెను. 20 సెకనులు షట్టరు తెరచి, 5 సెకనులు విరామమిచ్చినచో మొత్తము 6,250 సెకనులు, అనగా 1 గంట 44 నిమిషములు పట్టును.

ఉపాధ్యాయులు దీనితో ఒక చక్కని ప్రయోగము చేయింపవచ్చును. ధ్రువనక్షత్రమును చిత్రము నడుమ ఉండునట్లు కెమేరాను ఉత్తరమునకు త్రిప్పి, పైవిధముగా చిత్రములు తీయవలెను. మొదటి చిత్రములోను చివరి చిత్రములోను ధ్రువము నుండి ఒకే నక్షత్రమునకు గీతలు గీచి, వాని నడుమ కోణమును కోణమానినితో కొలువవలెను. సుమారు 26 డిగ్రీలు వచ్చును. దాని నుండి 360 డిగ్రీలకు పట్టు కాలమును విద్యార్థులు తామే లెక్కకట్టి, భూభ్రమణకాలముతో సరిచూచుకొనవచ్చును.