ఎడారి కొండలలో ఒక ఇల్లు

ఎడారి యనగానే మనకు ఇసుకతిన్నెలును ఒంటెలును స్ఫురించును. కొండయూరనగానే ఊటియో, అరకులోయయో జ్ఞప్తికి వచ్చును. ఈ రెండు లక్షణములును ఒక్కచోట గలిసిన ఊరు ఎట్లుండును? అచ్చట ఇల్లు కొని కాపురముండదలచినవారు ఏయే విషయములను విచారింపవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఆరిజోనా రాష్ట్రమున ఆగ్నేయపు మూలనున్న బిస్బీ యను చిన్న పట్టణమును ఉదాహరణముగా గైకొందము.

టూసాన్ నగరమునకు సుమారు 95 మైళ్ళ దూరమున, మెక్సికో సరిహద్దుకు పది మైళ్ళలోపున, మ్యూల్ పర్వతముల నడుమనున్న ఇరుకు లోయలలో ఈ పట్టణము నెలకొనియున్నది. సముద్రమట్టమునకు దీని ఎత్తు 5,000 అడుగులకు పైమాటయే. ఆ కారణముచేత, ఫీనిక్స్ నగరమున ఎండ 43 డిగ్రీలు దాటి మండిపోవు దినములలోగూడ ఇచ్చటి వేడిమి సాధారణముగా 32 డిగ్రీల ప్రాంతముననే నిలుచును. శీతకాలపు రాత్రులలో నీరు గడ్డకట్టునంతటి చలి కలుగును. అప్పుడప్పుడు మంచును కురియును. వర్షము సగటున ఏడాదికి ఇరువది అంగుళములకు మించదు. అందులో సగమునకు పైగా జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలలోనే ఉరుములతో మెరుపులతో కురిసిపోవును. ఆ ఋతువును అచ్చటివారుగూడ ‘మాన్సూన్’ అనియే పిలుచుట మనకు వింతగా తోచును.

సమతలమైన భూమి చాలినంత లేనిచోట ఊరెట్లు వెలసినది? దానికి కారణము రాగి. 1877వ సంవత్సరమున గుఱ్ఱపుదళమునకు చెందిన వేగులవారు ఈ కొండలలో ఖనిజపు జాడలను కనుగొనిరి. 1880లో పట్టణము స్థాపితమయ్యెను. గనికి పెట్టుబడి పెట్టినవారిలో నొకడైన శాన్‌ఫ్రాన్సిస్కోవాసి డివిట్ బిస్బీ పేరే ఊరికి నిలిచినది. గనిపనికై వచ్చినవారు గనికి దగ్గరగా ఉండవలెనని కొండవాలును మెట్లుమెట్లుగా తొలిచి, మట్టి జారిపోకుండ రాతిగోడలు పేర్చి, ఆ చిన్నచిన్న చదునులమీద చెక్కయిండ్లు కట్టుకొనిరి. ఒకరి ఇంటి నేలమట్టమునకు దిగువవాని ఇంటికప్పు సరిగా నుండును. వీధి చేరని ఇండ్లకు మెట్లదారులే మార్గములు. ఆ మెట్లలో అనేకము 1930 తరువాతి ఆర్థికమాంద్యపు దినములలో ప్రభుత్వ ఉపాధి పథకము క్రింద కాంక్రీటుతో కట్టబడినవి. వాని మరమ్మతులకు ధనము కూర్చుటకై 1991లో ఆరంభమైన మెట్లెక్కు పోటీ నేడు ఆ ఊరికి ప్రసిద్ధి తెచ్చినది.

ఈ ఇండ్లను కొనువారు మొదట చూడవలసినది ఇంటిని గాదు. ఇంటి వెనుకనున్న కొండను. తొలినాళ్ళలో కొలుములకును వంటచెరకునకును చుట్టుప్రక్కల చెట్లన్నియు నరికివేసిరి. కొండలు బోడివై పోవుటచేత కురిసిన వాన కురిసినట్లే వీధులలోనికి వెల్లువగా దిగి ఇండ్లను దుకాణములను ముంచెత్తెడిది. ఆ వరదను తప్పించుటకు ఊరి నడుమ, వీధుల అడుగున, పెద్ద కాలువను కట్టవలసివచ్చెను. అగ్నిభయమును తక్కువకాదు. 1908లో చెలరేగిన మంటలకు ప్రధాన వీధిలో చాలభాగము బూడిదయైపోయెను. నీటి కరువు, నీటి వెల్లువ, నిప్పు — ఈ మూడును ఒకేచోట పొంచియుండుట ఎడారికొండలకు సహజలక్షణము.

కాబట్టి కొనదలచినవారు మట్టిని ఆపుచున్న రాతిగోడను జాగ్రత్తగా పరీక్షింపవలెను. గోడ ముందునకు ఉబ్బియున్నదా? రాళ్ళసందులు విచ్చుకొన్నవా? వాననీరు వెలికి పోవుటకు దారియున్నదా? గోడ వెనుక నీరు నిలిచినచో తడిసిన మట్టి బరువునకే అది కూలవచ్చును. ఆ గోడ ఎవరిదను ప్రశ్నయు ముఖ్యమైనదే. ఎగువ ఇంటిని మోయుచున్న గోడ దిగువవాని హద్దులో నుండవచ్చును. దానిని మరల కట్టుటకగు వ్యయము కొన్ని సందర్భములలో ఇంటివెలతో పోటీపడగలదు.

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మనవారందురు. బిస్బీలో మాత్రము కట్టుటకంటె కట్టినదానిని నిలుపుకొనుటయే కష్టము. నూరేండ్లు దాటిన చెక్కయింటికి చెదలు, పాత విద్యుత్తు తీగలు, శిథిలమైన మురుగు గొట్టములు ఉండుట అరుదు గాదు. వీధినుండి ఇంటికి ఎనుబది మెట్లున్నచో సిమెంటు బస్తాయైనను, మంచమైనను, రోగియైనను ఆ మెట్లమీదుగానే రావలెను. మరమ్మతు కూలి పెరుగుటకు ఇదియొక కారణము. యౌవనమున ఆరోగ్యకరమైన వ్యాయామముగా తోచిన మెట్లే వార్ధక్యమున ఇంటిని చెరసాలగా మార్చగలవు. ఇల్లు కొనువారు నేటి మోకాళ్ళతోపాటు ఇరువదియేండ్ల తరువాతి మోకాళ్ళనుగూడ తలచుకొనవలెను.

ఇక హక్కుల సంగతి. అమెరికా పశ్చిమరాష్ట్రములలో నేలపై హక్కు ఒకరిదియు, నేల అడుగున నుండు ఖనిజములపై హక్కు వేరొకరిదియు కావచ్చును. గనులవలన పుట్టిన ఊరిలో ఈ విషయమును దస్తావేజులలో తప్పక పరిశీలింపవలెను. పూర్వము చేతికి వచ్చినట్లు కట్టుకొన్న ఇండ్ల హద్దులు కాగితములమీది హద్దులతో సరిపోకపోవచ్చును. నూతనముగా సర్వే చేయించుట మేలు. హక్కులలోని లోపములకు బీమా చేయించు ఆచారము ఆ దేశమున కలదు. ఆ బీమా ఏయే లోపములకు వర్తింపదో చదివి తెలిసికొనుట అంతకంటెను ముఖ్యము. 1978కి పూర్వము కట్టిన ఇంటిలో సీసము గలిసిన రంగు ఉన్నట్లు తెలిసినచో అమ్మువాడు కొనువానికి చెప్పవలెనని ఆ దేశపు చట్టము. గనులు, కొలుములు ఉన్నచోట పెరటిమట్టిలోను సీసము, ఆర్సెనిక్ వంటి విషపదార్థములు చేరియుండవచ్చును. బిస్బీలో రాష్ట్రప్రభుత్వ శాఖ పర్యవేక్షణమున గని సంస్థ ఇండ్ల ఆవరణలలోని మట్టిని పరీక్షించి, అవసరమైనచోట తొలగించి క్రొత్త మట్టిని వేయించినది. తాము కొను పెరటికి ఆ పరీక్ష జరిగినదో లేదో విచారించుట కొనువారి విధి. మట్టిలో ఆడుకొను పసిపిల్లలున్న ఇంటికి ఇది మరింత అవసరము.

ఇంతవరకు చెప్పినవి గోడలకును కాగితములకును సంబంధించినవి. ఒకే పరిశ్రమను నమ్ముకొన్న ఊరిలో ఇంటికి అంతకంటె పెద్ద ప్రమాదమొకటి యున్నది. 1917వ సంవత్సరమున గనికార్మికులు సమ్మెకట్టిరి. జూలై 12వ తేదీ వేకువజామున షెరీఫు కూర్చిన సాయుధులు వారిని ఇండ్లనుండియు వీధులనుండియు పట్టితెచ్చి, ఇంచుమించు 1,200 మందిని పశువుల రైలుపెట్టెలలో నెక్కించి, న్యూమెక్సికో ఎడారిలో విడిచివేసిరి. వారిలో ఆలుబిడ్డలును సొంత ఇండ్లును గలవారును ఉండిరి. అధ్యక్షుడు విల్సన్ నియమించిన సంఘము ఈ చర్య చట్టవిరుద్ధమని తేల్చినను, దానికై ఎవరికిని శిక్ష పడలేదు. చేతిలో దస్తావేజు ఉన్నంతమాత్రమున ఊరిలో నిలువనీడ దక్కునను నమ్మకము నాడు లేకపోయెను.

తరువాత గనియే ఊరిని మ్రింగసాగెను. 1950 తరువాత త్రవ్విన లావెండర్ అను బాహ్యగనికై లోవెల్ అను పేటలో చాలభాగమును తొలగించిరి. కొన్ని ఇండ్లను పునాదులనుండి లేపి వేరుచోట్లకు తరలించిరి. దాదాపు 300 ఎకరముల విస్తీర్ణము గల ఆ గొయ్యి నేటికిని బాట ప్రక్కనే కనబడును. 1974లో అచ్చట త్రవ్వకము ఆగెను. 1975లో భూగర్భపు గనులును మూతపడెను. పని పోయినవారు ఇండ్లను కారుచౌకగా అమ్ముకొని వలసపోయిరి. ఆ చౌక ధరలను చూచి చిత్రకారులు, శిల్పులు, ఉద్యోగవిరమణ చేసినవారు వచ్చి చేరిరి. 1976లో ఒక పాతగనిని సందర్శకులకై తెరచిరి. నిన్నటి గనికార్మికులే దానికి దారిచూపువారైరి. కొచీస్ మండలపు ముఖ్యపట్టణము 1929నుండి బిస్బీయే యగుటచేత కచేరీ ఉద్యోగములును ఊరికి ఊతమైనవి. లేనియెడల ఎడారిలోని అనేక గనియూళ్ళవలెనే ఇదియు పాడుపడియుండెడిది.

2020 జనాభా లెక్కలలో బిస్బీ జనసంఖ్య 5,000కు కొంచెము తక్కువగా తేలినది. ఊరిలో చిన్న ఆసుపత్రి కలదు. పెద్ద చికిత్సలకు సియెర్రా విస్టాకో, టూసాన్‌కో పోవలెను. నీరు దిగువ మైదానములోని లోతుబావులనుండి పైకి తోడబడును. నేడు ఎదురైన చిక్కు మరియొక విధమైనది. ఊరి అందమును చూచి కొందరు కాపురమునకు గాక, యాత్రికులకు రెండుమూడు దినముల అద్దెకిచ్చుటకై ఇండ్లు కొనుచున్నారు. ఇట్టి అద్దెలను పట్టణసభలు నిషేధింపరాదని ఆరిజోనా శాసనసభ 2016లో చట్టము చేసినది. 2022లో అనుమతిపత్రములు కోరు అధికారమును వానికి ఒసగినది. ఇండ్లు యాత్రికుల బసలైనకొలది, పాఠశాలలో బోధించువారికిని, ఆసుపత్రిలో సేవచేయువారికిని ఊరిలో అద్దెయిల్లు దొరకుట కష్టమగును.

ఆరిజోనాలో, ముఖ్యముగా ఫీనిక్స్ పరిసరములలో, తెలుగువారి కుటుంబములు నేడు అనేకము కలవు. ఎండవేడిమికి తాళలేక కొండలపై నొక ఇల్లు కొనవలెనను తలంపు వారిలో కొందరికైనను కలుగుట సహజము. అట్టివారు ఎండాకాలమున ఒకమారును, వానకాలమున ఒకమారును, చలికాలమున ఒకమారును పోయి చూచుట మంచిది. పట్టపగలు మనోహరముగా కనిపించు మెట్లదారి వెల్లువ దిగు రాత్రి ఎట్లుండునో ప్రక్కయింటివారే చెప్పగలరు. ఎగువ ఇంటి నీరు, దిగువ ఇంటి గోడ, అందరికిని ఉమ్మడియైన మెట్లు — వీనిమధ్య కాపురము చేయువానికి ఇరుగుపొరుగుల పొత్తు పునాదివంటిది. ఇల్లు కొనుటకు ముందు వారితో మాటలాడుటకు ఖర్చేమియు లేదు. కొన్న తరువాత మాత్రము వారు లేనిదే గడవదు.