కాగితం మడత ఎందుకు నిలుస్తుంది?

రబ్బరు ముక్కను వంచి వదిలితే మళ్లీ తిన్నగా అవుతుంది. కాగితాన్ని మడిస్తే మాత్రం గీత అలాగే ఉండిపోతుంది. ఎందుకు?

కాగితమంటే సెల్యులోజ్ పోగులు చిక్కగా అల్లుకున్న పొర. మడిచినచోట బయటివైపు పోగులు సాగుతాయి, లోపలివి నలుగుతాయి. కొన్ని తెగుతాయి, కొన్ని పక్కకు జరుగుతాయి. అవి పాత చోటికి తిరిగి రాలేవు. దళసరి అట్టలో బయటి పొర మరీ ఎక్కువ సాగాల్సి వచ్చి పగులుతుంది. అందుకే గ్రీటింగ్ కార్డుకు అట్ట వాడినా, దానిమీద మడిచి అంటించే పువ్వుకు పలుచని రంగు కాగితం వాడాలి.

తులిప్ పువ్వు ఎలా చేయాలి?

1. 8 సెంటీమీటర్ల చదరపు కాగితాన్ని మూలకు మూల కలిపి మడవండి. త్రిభుజం కొన పైకి ఉండాలి.
2. కింది ఎడమ మూలను ఏటవాలుగా పైకి మడవండి. అది నడిమి కొనకు కాస్త ఎడమగా రావాలి. కుడి మూలనూ అలాగే పైకి మడవండి, అది కొనకు కాస్త కుడిగా రావాలి. మూడు రేకులు కనిపిస్తాయి.
3. మడతలను గోటితో గట్టిగా రుద్దండి.
4. ఆకుపచ్చ కాగితంతో కాడ, ఆకు కత్తిరించి, పువ్వుతోపాటు కార్డుపై అంటించండి.

నీళ్ల జిగురు ఎక్కువ రాస్తే పోగులు తడిసి ఉబ్బుతాయి, కార్డు ముడతలు పడుతుంది. గ్లూ స్టిక్ మేలు.