అల్యూమినియము పడవకు ఎంత మోటారు?

అల్యూమినియము నీటికన్న 2.7 రెట్లు బరువైనది. అయినను ఆ రేకుతో చేసిన పడవ తన బరువునకు సమానమైన నీటిని తొలగించి తేలును. అమెరికా సరస్సులలో చేపలు పట్టుటకు 12 అడుగుల పడవ కొనువారికి చిక్కంతయు మోటారుతోనే. దుకాణములో పెద్ద మోటారే ముద్దుగా కన్పట్టును! కాని శక్తి రెట్టింపయినంతనే వేగము రెట్టింపు కాదు. నీటిని చీల్చుకొని పోవు పడవకు తాను లేపిన అలయే అడ్డు. గంటకు సుమారు 8 కిలోమీటర్లు దాటి, నీటిపై జారుచు పోవలెనన్న చాల శక్తి కావలెను.

అట్లని మితిమీరిన మోటారు తగిలించినచో దాని బరువుకు వెనుకభాగము క్రుంగి, అలలు లోనికి వచ్చును. మలుపులో పడవ బోల్తాపడవచ్చును. అందుచే అమెరికా కోస్టుగార్డు నిబంధనలలో పడవ పొడవును, వెనుకబల్ల వెడల్పును అడుగులలో గుణింతురు. 12ను 4చే గుణించిన 48. అట్టి పడవకు 15 అశ్వశక్తి మించరాదు. అడుగు చదునై, ప్రక్కలు కోణముగా కలిసినచో 10 మాత్రమే. 1972 నుండి ఇట్టి పడవలలో ఈ హద్దును తెలుపు పలకను బిగించుచున్నారు.

వెనుకబల్ల ఎత్తును కూడ కొలువవలెను. 15 అంగుళములైన పొట్టి కాడ మోటారు, 20 అయిన పొడుగు కాడది. ఎత్తైన బల్లకు పొట్టిది తగిలించినచో ప్రొపెల్లరు గాలిని పీల్చి ఊరకే గిరగిర తిరుగును.