కోపానికి చికిత్స: ఎవరిని అడగాలి, ఏ భాషలో అడగాలి?

జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళతాం. పన్ను నొప్పి పెడితే దానికీ ఒక డాక్టరున్నాడు. కోపం వస్తే మాత్రం "కాస్త తగ్గించుకో" అనే సలహాతో సరిపెడతాం. ఎలా తగ్గించుకోవాలో ఆ సలహా ఇచ్చినవారికీ తెలియదు. కోపం ఒక స్వభావమనీ, పుట్టుకతో వచ్చిందనీ, దానికి వైద్యమేమిటనీ మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి కోపాన్ని అదుపులో పెట్టుకునే విద్యను నేర్పేవారున్నారు. అయితే వారిని వెతికి పట్టుకోవడం అంత తేలిక కాదు. సొంత ఊరు వదిలి, పరాయి భాష మాట్లాడే చోట బతికేవారికి ఇది మరీ కష్టం.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. గుజరాత్‌లో సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో, కడోదరాకు దగ్గరగా జోల్వా అనే ఊరుంది. బట్టల మిల్లులున్న ప్రాంతం అది. తెలంగాణ నుంచి నేత కుటుంబాలు సూరత్‌కు వలస వెళ్ళడం దశాబ్దాల నాటి మాట. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు వినిపిస్తుంది. నగరపాలక సంస్థ వారి పిల్లలకోసం తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా పెట్టింది. అలాంటి కుటుంబంలోని ఒకాయన జోల్వాలో సాంచాల మీద పనిచేస్తున్నాడనుకుందాం. పన్నెండు గంటల షిఫ్టు. పక్కనున్న మనిషి మాట వినబడనంత మోత. కొన్ని వారాలు పగలు, కొన్ని వారాలు రాత్రి. ఇంటికి వచ్చాక కూరలో ఉప్పు తక్కువైందని కంచం విసిరేస్తాడు. గంట తరువాత తలపట్టుకుని కూర్చుంటాడు. పదో తరగతి చదివే కూతురు మూలన నిలబడి ఇదంతా చూస్తూ ఉంటుంది.

ఆయన శరీరంలో ఏం జరిగింది? మెదడు లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే భాగముంది. ప్రమాదాన్నో అవమానాన్నో పసిగట్టి హెచ్చరిక పంపడం దాని పని. ఆ హెచ్చరిక అందగానే మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే ఈ స్థితిని వర్ణించి, పోరాటానికో పలాయనానికో శరీరం చేసుకునే సన్నాహమని చెప్పాడు. నుదుటి వెనకనున్న మెదడు భాగం ఈ హడావుడికి కళ్ళెం వేస్తుంది. "ఉప్పేగా, వేసుకుంటే పోయె" అని చెప్పేది అదే.

ఈ కళ్ళెం నిద్రలేమితో వదులవుతుంది. 2007లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో, దాదాపు 35 గంటలు నిద్ర లేకుండా ఉంచిన యువకులకు కలవరపెట్టే చిత్రాలు చూపారు. కంటినిండా నిద్రపోయినవారితో పోల్చితే వారి అమిగ్డలా 60 శాతం ఎక్కువగా స్పందించింది. పైనున్న భాగంతో దానికుండే సంబంధం బలహీనపడింది. రాత్రి షిఫ్టు చేసి, పగలు రేకుల గదిలో సరిగా నిద్రపట్టక లేచిన మనిషి చిరాకులో ఎంత స్వభావం, ఎంత నిద్రలేమి అన్నది ముందుగా విడదీయవలసిన లెక్క.

కోపాన్ని లోపల దాచుకోకూడదు, దిండునో గోడనో గుద్ది బయటికి వదిలేయాలి అనే సలహా మీరు వినే ఉంటారు. ఇది తప్పు. బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సుమారు 600 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగ ఫలితాలను 2002లో ప్రకటించాడు. కోపం తెప్పించినవారిని తలుచుకుంటూ ఇసుకసంచిని గుద్దినవారిలో కోపం అందరికంటే ఎక్కువగా మిగిలింది. ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవారు వారికంటే నయం! 2024లో ఆయనే మరొక పరిశోధకురాలితో కలిసి 154 అధ్యయనాలను పరిశీలించాడు. నెమ్మదిగా ఊపిరి తీయడం, కండరాలను సడలించడం వంటి, శరీర ఉద్రేకాన్ని దించే పనులు కోపాన్ని తగ్గించాయి; పరుగెత్తడం వంటివి తగ్గించలేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ఇక్కడే గందరగోళం. బోర్డు మీద రకరకాల పేర్లుంటాయి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తరువాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, సంభాషణ ద్వారా చికిత్స చేస్తారు. వారి పేరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు, నిస్సంకోచంగా అడగవచ్చు. కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం చాలాకాలం ఎవరు పడితే వారు పెట్టుకున్నారు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వారిని కూడా తన పరిధిలోకి తెచ్చింది. వారిలో చాలా మంచివారున్నారు, అయినా ఏం చదివారో అడిగి తెలుసుకోవాలి.

మొదటి మెట్టు డాక్టరే అయితే మేలని నా అభిప్రాయం. కోపం దానంతటదే ఒక జబ్బు కాదు. కాని థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా, డిప్రెషన్ ఉన్నా, మద్యం అలవాటున్నా, ఎప్పుడో తలకు దెబ్బ తగిలినా అది కోపంగా బయటపడవచ్చు. జోల్వా నుంచైతే సూరత్ న్యూ సివిల్ హాస్పిటల్‌లోనూ, నగరపాలక సంస్థ వైద్య కళాశాల అయిన స్మిమేర్ ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ఇంత దూరం వెళ్ళేముందు ఫోనులో మాట్లాడి చూద్దామంటే 14416 ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత సేవ ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఇరవై భాషల్లో మాట్లాడతారు, అందులో తెలుగు ఒకటి.

భాష అంత ముఖ్యమా? ఇతర భాషల నుంచి వ్యాసాలు తెలుగు చేసే నాబోటివాడికి ఇది రోజూ ఎదురయ్యే చిక్కే. కోపం, చిరాకు, అలక, రోషం, ఉక్రోషం, కసి ఒకటి కావు. అలకలో ప్రేమ ఉంది. ఉక్రోషంలో ఏమీ చేయలేని నిస్సహాయత ఉంది. కసి రోజుల తరబడి రగులుతుంది. హిందీలో "గుస్సా" అనో, గుజరాతీలో "గుస్సో" అనో ఒక్క మాటతో తేల్చేస్తే, తన బాధ ఉక్రోషమని చెప్పలేకపోయిన మనిషికి కసికి చేయవలసిన చికిత్స మొదలుకావచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ సంగతి గుర్తించింది. చికిత్సకు సమ్మతి తీసుకునేముందు దాని మంచిచెడ్డలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలంటుంది. రోగి విషయాలను గోప్యంగా ఉంచాలని కూడా అదే చట్టం చెబుతోంది.

తెలుగు వచ్చినవారు దొరకకపోతే ఇంట్లో హిందీ బాగా వచ్చిన పిల్లలను దుబాసీగా తీసుకువెళ్ళడం వలస కుటుంబాల్లో మామూలే. రేషన్ కార్డుకు, బ్యాంకుకు సరే. ఈ పనికి మాత్రం వద్దు. తండ్రి తన కోపం గురించి నిజం చెప్పడానికి కూతురు ఎదురుగా ఉండడమే అడ్డు. ఆ కోపానికి భయపడుతున్నది ఆమే అయినప్పుడు ఆ మాటలు ఆమె నోట పలికించడం క్రూరత్వం. భాష తెలిసిన పెద్దవారెవరినైనా అడగాలి, లేదా ఫోనులోనో వీడియోలోనో తెలుగు తెలిసిన నిపుణుడితో మాట్లాడాలి.

లోపల ఏం జరుగుతుంది?

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ నొవాకో 1975లో కోపాన్ని అదుపులో పెట్టుకునే శిక్షణపై ఒక పుస్తకం ప్రచురించాడు. నేటి పద్ధతులకు అదొక పునాది. ముందుగా ఒక నోటుపుస్తకంలో కోపం వచ్చిన ప్రతిసారీ వేళ, సందర్భం, అప్పుడు మనసులో మెదిలిన మాట, తరువాత చేసిన పని రాయమంటారు. "అన్నంలో ఉప్పు లేదు" అనేది సంఘటన. "ఈ ఇంట్లో నాకు విలువ లేదు" అనేది మనసులో మెదిలిన మాట. మంట పుట్టింది రెండోదాని నుంచి. ఆ మాట నిజమో కాదో పరీక్షించడం నేర్పుతారు. దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం వంటి తొలి సూచనలు గుర్తుపట్టి ఊపిరి నెమ్మదించడం అభ్యాసం చేయిస్తారు. తరువాత చిన్న చిన్న కోపాలను నటించి చూపిస్తూ సాధన ఉంటుంది. 1998లో ఇలాంటి 50 అధ్యయనాలను కలిపి చూస్తే, చికిత్స పొందిన సగటు వ్యక్తి, చికిత్స లేనివారిలో 76 శాతం మందికంటే మెరుగ్గా ఉన్నట్లు తేలింది.

మంచి చికిత్సకుడు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న కూడా వేస్తాడు: మేస్త్రీ తిట్టినప్పుడు అతని మీద చేయి లేచిందా? లేవకపోతే అదుపు ఉన్నట్లే కదా. మరి అది ఇంటి గడప దగ్గరే ఎందుకు తప్పుతోంది? ఈ ప్రశ్న వేయకుండా ఊపిరి కసరత్తులు మాత్రం నేర్పి పంపేవారి మీద నాకు నమ్మకం తక్కువ. ఇంట్లో దెబ్బల దాకా వెళితే చికిత్స సంగతి తరువాత, ముందు దెబ్బలు తినేవారి రక్షణ చూడాలి. స్త్రీలకు 181, పిల్లలకు 1098 నంబర్లున్నాయి. ఈ రెండో నంబరుకు పిల్లలే స్వయంగా ఫోను చేయవచ్చు.

చికిత్సకుడు మొదటి కలయికలోనే నచ్చకపోవచ్చు. రెండు మూడుసార్లు చూసి మరొకరి దగ్గరికి మారడంలో తప్పులేదు. ఎన్ని వారాలు పడుతుంది, ఫీజు ఎంత, షిఫ్టు మారిన వారం వేళ మార్చుకోవచ్చా అని మొదటిరోజే అడగాలి. నోటుపుస్తకం తెలుగులో రాసుకోవచ్చా అని కూడా అడగండి. చికిత్సకుడికి చదవడం రాకపోయినా ఫరవాలేదు, రాసినవారు దాన్ని చూసి తమకు వచ్చిన హిందీలోనే చెబుతారు.