డయాలిసిస్ రోగులు - రక్తస్రావము

ఇంటిలో నొకరికి మూత్రపిండములు చెడి, వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్‌కు పోవలసి వచ్చినచో, ఆ రోగి జీవితముతో పాటు ఆ ఇంటి ఇల్లాలి జీవితమును మారిపోవును. ఉప్పు తగ్గించి వండుట, నీరు కొలిచి యిచ్చుట, మందులు వేళకు అందించుట - ఇవి యన్నియు నామె క్రమముగా నేర్చుకొనును. కాని యామె తప్పక తెలిసికొనవలసిన విషయ మింకొకటి కలదు. అది రక్తస్రావమును గూర్చినది. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండ వ్యాధి అనేక కుటుంబముల బాధించుచున్నది. ఆ రోగుల కొరకే 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆసుపత్రి తెరవబడినది. అక్కడనే కాక మన పట్టణము లన్నిట ఇట్టి రోగు లున్నారు. కావున ఈ నాలుగు మాటలు మన సోదరీమణులకు ఉపయోగపడు నని తలంచెదము.

నెత్తురు ఏల యాగదు?

మన రక్తమున ప్లేట్‌లెట్లు అను మిక్కిలి సన్నని కణములు గలవు. ఆరోగ్యవంతుల రక్తములో ఒక ఘన మిల్లీమీటరునకు ఇవి లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు నుండును. గాయమైన చోటికి ఇవి పరుగెత్తి, ఒకదాని నొకటి అంటుకొని, గండి పూడ్చినట్లు రంధ్రమును పూడ్చును. మూత్రపిండ రోగికి వీని సంఖ్య చాలవరకు సరిగానే యుండవచ్చును. పనితనము మాత్రము తగ్గిపోవును. మూత్రముతో వెలికి పోవలసిన మలినములు రక్తమున నిలిచి, ఈ కణములు అంటుకొను శక్తిని హరించును. కావుననే, లెక్క పరీక్షలో బాగుగ నున్నదని నిశ్చింతగా నుండరాదు.

రెండవ కారణము రక్తహీనత. ఎఱ్ఱకణములు సమృద్ధిగా నున్నపుడు అవి నాళము నడుమ ప్రవహించుచు, ప్లేట్‌లెట్లను గోడల వైపునకు నెట్టును. ఎఱ్ఱకణములు తగ్గినచో ఆ నెట్టుట తగ్గును. రక్తహీనతకు ఎరిత్రోపోయిటిన్ సూదిమందును ఇనుమును వైద్యు లిచ్చుట నీరసము పోవుటకు మాత్రమే కాదు. రక్తస్రావము తగ్గుటకును అది తోడ్పడును. సూదులు తప్పించుకొనరాదు.

మూడవది హెపారిన్ అను మందు. దేహము వెలుపలి గొట్టములలో ప్రవహించు రక్తము గడ్డకట్టకుండుటకు దీని నిత్తురు. 1913లో అమెరికాలో ఏబెల్ అను శాస్త్రజ్ఞుడు జంతువుల రక్తమును ఇట్లు శుద్ధిచేయునపుడు జలగల నుండి తీసిన హిరుడిన్ అను పదార్థమును వాడెను. 1924లో జర్మనీలోని గీసెన్ పట్టణమున హాస్ అను వైద్యుడు మొదటిసారిగా మనుష్యునకు డయాలిసిస్ చేసినపుడును దానినే వాడెను. హెపారిన్ 1916లో కనుగొనబడినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1943లో, హాలెండు దేశమున కోల్ఫ్ అను వైద్యుడు నిర్మించిన యంత్రమునకు ఈ మందే అండయైనది. ఇంత మేలుచేయు మందే, యంత్రము విడిచిన పిదపను కొన్ని గంటల వరకు దేహమున తన ప్రభావమును చూపుచుండును. కావున డయాలిసిస్ జరిగిన నాడు పండ్లు పెరికించుకొనుట, కత్తిపీటతో తొందరపడి పనిచేయుట కూడదు. పన్ను తీయించవలసియున్నచో ముందుగా వైద్యునకు తెలిపి, డయాలిసిస్ లేని దినమున తీయించవలెను.

చేతి ఫిస్టులా

డయాలిసిస్ కొరకు చేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్టులా నేర్పరచెదరు. అందు రక్తము మిక్కిలి వేగముగ ప్రవహించును. సూదులు తీసిన పిమ్మట సాధారణముగా పది, పదునైదు నిమిషములు నొక్కిపట్టినచో నెత్తురు ఆగును. మాటిమాటికి అరగంటకును ఆగకున్నచో, ఆ నాళము ముందుభాగమున ఇరుకైనదేమో, హెపారిన్ ఎక్కువైనదేమో వైద్యులు చూడవలసి యుండును. ఆ చేతికి బిగుతైన గాజులు, గడియారము తగవు. ఆ చేతిపై నొత్తిగిలి పండుకొనరాదు, బిందెలు మోయరాదు, అచట రక్తపుపోటు చూడనీయరాదు.

ఫిస్టులాపై చర్మము పలుచనై మెరయుచున్నను, పక్కుకట్టి మానకున్నను, పుండు, ఎఱుపు, చీము కనబడినను, ఉబ్బు పెరుగుచున్నను, మరుసటి డయాలిసిస్ వరకు వేచియుండక ఆనాడే చూపించవలెను. అట్టి చోట నాళము పగిలినచో ప్రాణము పోవుటకు కొలది నిమిషములే చాలును. అపుడు కంగారుపడి తువ్వాళ్లు చుట్టుటచే నెత్తురు ఆగదు, అది బట్టలలో నింకి కానరాకుండ పోవును. పసుపు, కాఫీపొడి అద్దుటచేతను కాలము వ్యర్థమగును. రోగిని పండుకొనబెట్టి, చేయి పైకెత్తి, చిన్న శుభ్రమైన గుడ్డతో నెత్తురు వచ్చు చోటనే వ్రేలితో గట్టిగా నొక్కి, ఆగినదా యని మాటిమాటికి తీసి చూడక, మరియొకరిచే 108కి ఫోను చేయించుడు.

కంటికి కానరాని స్రావము

నెత్తురు లోలోపల పోవుటయు కలదు. మలము తారువలె నల్లగా, జిగటగా నుండుట, వాంతి కాఫీపొడి రంగున నుండుట, జీర్ణకోశమున రక్తము స్రవించుటకు గుర్తులు. ఇనుము మాత్రల వలనను మలము నల్లబడును గాని, జిగటయు, దుర్గంధమును, తలతిరుగుటయు తోడైనచో ఉపేక్షింపరాదు. రోగి జారిపడి తలకు దెబ్బ తగిలిన పిదప తలనొప్పి, మగత, మాట తడబాటు కలిగినచో, అవి కొన్నాళ్లకు కలిగినను, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

కీళ్లనొప్పులకు అంగడిలో కొనితెచ్చు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కడుపులో పుండ్లను కలిగించి, ప్లేట్‌లెట్లను మరింత నీరసింపజేయును. వైద్యు నడుగనిదే వీని నొసగరాదు. అట్లే, గుండె కొరకు వైద్యుడు వ్రాసిన ఆస్పిరిన్‌ను భయపడి మనమే మానిపింపరాదు. ఇచ్చుటయు, మానుటయు వారి చేతిలోనివి.

సిగ్గు తగదు

కడపటి మాట స్త్రీ రోగులను గూర్చినది. వీరిలో కొందరికి బహిష్టు క్రమము తప్పును. కొందరికి అధిక రక్తస్రావమగును. యంత్రము వద్ద పురుషులు పనిచేయుచున్నారని సిగ్గుపడి, చెప్పక యూరకుండు వారున్నారు. అసలే రక్తహీనతతో నున్న దేహమునకు ఇది పెద్ద నష్టము. స్వయముగ చెప్పలేనిచో తోడువచ్చిన తల్లియో, అత్తయో, కోడలో చెప్పవచ్చును. చీటి వ్రాసి యిచ్చినను చాలును. యంత్రము మొదలిడక ముందే ఆ సంగతి తెలిసినచో హెపారిన్ తగ్గింతురు, లేక అది లేకయే డయాలిసిస్ జరుపుదురు. రక్తస్రావము ఆపుటకు డెస్మోప్రెసిన్ మొదలగు మందులును వారియొద్ద గలవు. డయాలిసిస్ సరిగా జరుగుటయే ప్లేట్‌లెట్లకు కొంత బలము చేకూర్చును గనుక, నెత్తురు పోవుచున్నదను భయముతో ఆ పూట మానుకొనుటయు ప్రమాదమే.

కావున ప్రతి పర్యాయము ఆసుపత్రికి బయలుదేరుటకు ముందు రోగిని మూడు ప్రశ్న లడుగుడు: ఎచ్చటనైన నెత్తురు కనబడినదా? ఎచ్చటనైన పడితివా? క్రొత్త మాత్ర ఏదైన మ్రింగితివా? ఔనను జవాబు వచ్చినచో సూది గ్రుచ్చక మున్నే నర్సుతో చెప్పుడు. ఇందు కగు వ్యయ మేమియు లేదు. కాపాడబడునది మాత్రము ప్రాణము.