డాబా మీద ఏముందో డాక్టరుకు చెప్పారా?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్‌ వైపు వెళ్లేటప్పుడు ఫోన్‌ జేబులో పెట్టి, కిటికీలోంచి ఒకసారి కిందికి చూడండి. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్‌ స్టేషన్లు దాటేలోపు లెక్కలేనన్ని డాబాలు కనిపిస్తాయి. నల్ల ట్యాంకులు, వాటిలో కొన్నింటికి మూత ఉండదు. ఓ మూల విరిగిన కుర్చీలు, పాత కూలర్‌, సగం వాడి వదిలేసిన రంగు డబ్బాలు. పిట్టగోడ మీద వరసగా పావురాలు. కొత్తగా పెట్టించుకున్న సోలార్‌ పలకల కింద కూడా అవే. 2018 సెప్టెంబరులో ఈ దారిలో మెట్రో మొదలయ్యాక మన ఇళ్ల నెత్తి మనకు కనిపిస్తోంది. కానీ డాబా మీదికి మనం ఎక్కేది ఎప్పుడు? ఎండాకాలం వడియాలు పెట్టడానికి, సంక్రాంతికి పతంగులు ఎగరేయడానికి, కుళాయిలో నీళ్లు రానప్పుడు. మిగతా రోజులన్నీ అది పావురాలది, ఎలుకలది, దోమలది.

వాటివల్ల ఇంటికి జరిగే నష్టం కంటికి కనిపిస్తుంది. పెచ్చులూడిన శ్లాబు, కొరికేసిన కేబుల్‌, మూసుకుపోయిన వాననీటి గొట్టం. ఇంట్లోవాళ్లకు జరిగే నష్టం అంత త్వరగా కనిపించదు. తగ్గని దగ్గుగానో, ఇంటిల్లిపాదినీ పడగొట్టే జ్వరంగానో బయటపడుతుంది. ఆసుపత్రికి వెళ్లి తిన్నదీ తాగిందీ అన్నీ చెబుతాం. డాబా సంగతి మాత్రం చెప్పం.

మందులు మారినా తగ్గని దగ్గు

ఇంట్లో పెద్దావిడకు పొడి దగ్గు. సిరప్‌ తాగితే రెండు రోజులు నయమనిపిస్తుంది, మళ్లీ మొదలు. మెట్లెక్కితే ఆయాసం. ఆస్తమా ఏమో అనుకుంటారు. టీబీ పరీక్ష చేయిస్తారు. యాంటీబయాటిక్‌ మారుస్తారు. నెలలు గడిచిపోతాయి. ఆవిడ పడుకునే గది కిటికీ బయట, ఏసీ అవుట్‌డోర్‌ యూనిట్‌ మీద పావురాలు కాపురం పెట్టి ఏళ్లవుతోందన్న మాట ఎవరికీ తట్టదు. ఇలాంటి ఇళ్లు ఊపిరితిత్తుల వైద్యులకు కొత్త కాదు.

పావురం రెట్టలు ఎండి పొడవుతాయి. ఈకల మీద ఉండే సన్నటి తెల్లటి పొడి కూడా గాల్లో కలుస్తుంది. వాటిలోని ప్రొటీన్లను రోజూ పీలుస్తుంటే కొందరిలో రోగనిరోధక వ్యవస్థ ఎదురుతిరిగి ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది. దీన్నే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌ అంటారు. ఇది అంటువ్యాధి కాదు. ఒకే ఇంట్లో ఒకరికి వచ్చి మిగతావారికి రాకపోవచ్చు. అందుకే ‘మాకెవరికీ లేదే’ అని పావురాల మీద అనుమానం పోదు.

కొందరిలో రెట్టలు ఊడ్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటలకు చలి, జ్వరం, దగ్గు, ఆయాసం వస్తాయి. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోవడంతో ఫ్లూ అనుకుంటారు. మరికొందరిలో నెలల తరబడి పొడి దగ్గు, కొద్దికొద్దిగా పెరిగే ఆయాసం, బరువు తగ్గడం కనిపిస్తాయి. ముందుగా గుర్తించి పావురాల నుంచి దూరంగా ఉంచితే చాలామంది కోలుకుంటారు. గుర్తించకపోతే ఊపిరితిత్తులు గట్టిపడి, మచ్చలు కడతాయి. ఆ మచ్చలు తిరిగి మామూలు కావు. అసలు భయం ఇక్కడే. మాత్రలు వేసుకుంటూ పావురాలను అలాగే ఉంచుకుంటే చేసిన వైద్యమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇది అరుదైన సంగతని కొట్టిపారేయలేం. ఊపిరితిత్తుల కణజాలం దెబ్బతినే జబ్బులున్న 1,084 మంది వివరాలతో 2017లో ప్రచురితమైన భారతీయ అధ్యయనంలో దాదాపు 47 శాతం మందికి ఉన్నది ఈ జబ్బే. పక్షులతో పాటు ఎయిర్‌ కూలర్లను కూడా అందులో ప్రస్తావించారు. తడి గడ్డిలో పెరిగే బూజు కూడా ఇదే పని చేస్తుంది. డాబా మీద పడేసిన పాత కూలర్‌ను వేసవి రాగానే దులిపి వాడేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. గడ్డి మార్చాకే వాడాలి.

పావురాల రెట్టల్లో క్రిప్టోకోకస్‌ అనే ఫంగస్‌ కూడా పెరుగుతుంది. ఆరోగ్యవంతులకు దీంతో ముప్పు తక్కువ. అవయవ మార్పిడి చేయించుకున్నవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారిలో మాత్రం మెదడు పొరల వాపు తెచ్చే ప్రమాదం ఉంది.

గింజలు వేస్తే పుణ్యమే కానీ...

పావురం మొదట కొండచరియల్లో గూడు కట్టే పక్షి. మన అపార్టుమెంట్ల సజ్జలు, డక్ట్‌లు, వెంటిలేటర్‌ అంచులు దానికి అచ్చం కొండచరియల్లాగే ఉంటాయి. విడతకు రెండు గుడ్లు పెడుతుంది. 18 రోజులకు పిల్లలవుతాయి. నెల రోజులకల్లా అవి ఎగురుతాయి. తిండి దొరికితే ఏడాదంతా ఇదే వరస. తెలిసో తెలియకో ఆ తిండి పెడుతున్నది మనమే. మొజంజాహీ మార్కెట్‌ దగ్గర గింజలు చల్లి వచ్చే అలవాటు ఇంటి డాబా మీదికి కూడా వచ్చేసింది. ముంబయిలో ఇది కోర్టు దాకా వెళ్లి, 2025లో దాదర్‌లోని పేరున్న కబూతర్‌ఖానాను మూసేశారు.

పక్షికి గింజ వేయాలన్న మనసు మంచిదే. ఇరుకు గల్లీల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య మాత్రం ఆ గింజ మనది, రెట్ట పక్కింటి పసిపిల్లాడిది అవుతుంది. పక్కింటివాళ్లు వేస్తుంటే గొడవ పడకండి. ‘పిన్నిగారూ, మా అత్తయ్యకు ఆయాసం, డాక్టరు పావురాల పొడి పడదన్నారు’ అని నెమ్మదిగా చెబితే కాదనేవారు తక్కువ.

ఇక రానివ్వకుండా చేయడం. బాల్కనీకి, డక్ట్‌కు నైలాన్‌ వల కట్టించండి. కన్ను రెండు అంగుళాలకు మించకూడదు. అంచుల్లో ఎక్కడా సందు ఉండకూడదు. పక్షి లోపల చిక్కుకుంటే వల కట్టీ లాభం లేదు. సోలార్‌ పలకల చుట్టూ, పైకప్పుకూ పలకకూ మధ్య ఉన్న జాగాను తుప్పుపట్టని జాలీతో మూయించండి. పలకలకు కొత్తగా రంధ్రాలు చేయకుండా, బిగించినవారితోనే చేయించడం మేలు. నాలుగు పుల్లలు పేర్చినప్పుడే తీసేస్తే పావురం ఇంకోచోటు వెతుక్కుంటుంది. గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. విషం, జిగురు వద్దు. అవి పాపమే కాదు, చచ్చిన పక్షి ట్యాంకులో పడితే మరో తంటా.

ఎండిన రెట్టలను చీపురుతో ఊడ్చారంటే రోగాన్ని చేతులారా లేపినట్టే. ముందు నీళ్లు చల్లి బాగా నాననివ్వాలి. ఎన్‌95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని గీకి తీసి, సంచిలో మూట కట్టి పారేయాలి. దగ్గు, ఆస్తమా ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. పనిమనిషితో చేయించినా సరే, ఆమెకూ మాస్కు ఇవ్వాలి. ఆమెవీ ఊపిరితిత్తులే.

మూత లేని ట్యాంకు

దోమ పొట్టలో మలేరియా క్రిమిని రొనాల్డ్‌ రాస్‌ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. నల్లకుంట ఫీవర్‌ ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. అయినా మన నెత్తిమీది ట్యాంకులో దోమలను మనమే పెంచుతున్నాం. నగరాల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్‌ స్టీఫెన్సీ, డెంగీ తెచ్చే ఏడిస్‌ ఈజిప్టి రెండింటికీ మంచినీళ్లే ఇష్టం. మురిక్కాలువ మూయించమని మున్సిపాలిటీని అడుగుతాం, బాగానే ఉంది. కానీ పగలు కుట్టే డెంగీ దోమ తరచూ పుట్టేది మన ట్యాంకులో, కూలర్‌లో, పూలకుండీ కింది పళ్లెంలో, టార్పాలిన్‌ ముడతలో.

ఈ దోమ నీటి మట్టానికి కాస్త పైన, పాత్ర గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్లు ఎండిపోయినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. కాబట్టి నీళ్లు పారబోస్తే చాలదు, గోడలను రుద్ది కడగాలి. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి చేయమనేది అందుకే. 2020లో రాష్ట్ర ప్రభుత్వం చెప్పిన ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ వెనకున్న లెక్క కూడా ఇదే.

ట్యాంకుకు బిగుతైన మూత, పొంగినప్పుడు నీళ్లు పోయే గొట్టం మూతికి సన్నటి జాలీ ఉండాలి. శివారు కాలనీల్లో కోతులు మూతలు ఎత్తేస్తుంటాయి. అక్కడ మూతకు గొళ్లెమో తాళమో తప్పదు. తెరిచి ఉన్న ట్యాంకులో బల్లి, ఎలుక, పావురం ఏది పడినా వాంతులు, విరేచనాలు ఇంటిల్లిపాదికీ వస్తాయి. ఏదైనా పడిందని తెలిస్తే నీళ్లన్నీ వదిలేసి, రుద్ది కడిగి, బ్లీచింగ్‌ పౌడర్‌తో శుభ్రం చేశాకే నింపాలి. ఎండల్లో పిట్టలకు నీళ్లు పెట్టే చిప్పను రోజూ రుద్ది కడిగి నింపితే పిట్టకూ మేలు, మనకూ మేలు.

పిట్టగోడ పగుల్లో రావి మొక్క

కాకులు, గోరింకలు రావి, మర్రి పళ్లు తిని పిట్టగోడ మీద వాలతాయి. రెట్టలోని గింజ పగుల్లో పడి మొలుస్తుంది. రావి మొక్క పీకడానికి చాలామందికి చేతులు రావు. చూస్తూ ఊరుకుంటే వేరు పగులును చీల్చుకుంటూ పోతుంది. ఆ దారిన వాన నీరు శ్లాబులోకి దిగి ఇనుము తుప్పు పడుతుంది. గదిలో గోడ చెమ్మగిల్లి బూజు పడుతుంది. ఆ బూజు ఆస్తమా పిల్లలకు పడదు. చెమ్మ ఎక్కిన చెక్క చెదలకు విందు. నాలుగాకుల వయసులోనే వేరుతో సహా తీసి, ఖాళీ జాగాలోనో గుడి ఆవరణలోనో అడిగి నాటితే మనసుకూ బాధ ఉండదు. తీసిన చోట పగులును పూడ్పించాలి. పావురాల పుల్లలు, ఈకలతో మూసుకుపోయిన వాననీటి గొట్టాలను తొలకరికి ముందే తీయించాలి.

చెద మందు కొట్టించేటప్పుడు పసిపిల్లలను, గర్భిణులను, ఆస్తమా ఉన్నవారిని ఆ గదుల్లో ఉంచకూడదు. వంటపాత్రలు మూసిపెట్టి, గాలి బాగా ఆడాకే లోపలికి రావాలి. ముందు చెమ్మ ఆపకపోతే ఎన్ని మందులు కొట్టినా చెదలు మళ్లీ వస్తాయి.

ఎలుక, కోతి, తేనెటీగ

పాత సామాను గుట్ట ఎలుకలకు ఇల్లు. కేబుళ్ల మీదుగా, గొట్టాల పక్క సందుల్లోంచి అవి గదుల్లోకి దిగుతాయి. బొటనవేలు పట్టే సందు చాలు. ఆ సందును స్టీలు పీచు కూరి, సిమెంటుతో పూడ్చండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్‌ వస్తుంది. డాబా మీదో మెట్ల కిందో తడి చెత్త ఎత్తిన కొద్దిరోజులకు జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు పచ్చబడటం, ఎర్రబడటం ఉంటే ఆలస్యం చేయొద్దు.

కోతి కరిచినా, గోరుతో గీరినా సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం అద్దొద్దు. అదే రోజు రేబిస్‌ టీకా మొదలుపెట్టాలి. నారాయణగూడ ఐపీఎంలో ఆ సదుపాయం ఉంది. సజ్జ కింద తేనెపట్టు ఉంటే పొగ పెట్టడం, రాయి విసరడం వద్దు. తెలిసినవారినే పిలవండి. కుట్టాక ముఖం వాచినా, ఊపిరాడకపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆదివారం అరగంట

ఈ ఆదివారం కాఫీ తాగి డాబా ఎక్కండి. మూడే చూడండి. నీళ్లు ఎక్కడ నిలిచాయి? తిండి ఎక్కడ దొరుకుతోంది? సందు ఎక్కడ ఉంది? నీళ్లు, తిండి, సందు లేని చోట ఏ ప్రాణీ ఎక్కువ రోజులు ఉండదు. అపార్టుమెంటు అయితే డాబా అందరిదీ, అంటే ఎవరిదీ కాదు అన్నట్టు ఉంటుంది. నెలకో ఫ్లాటు వంతున చూసే ఏర్పాటు చేసుకోండి. అద్దెకుండేవారు మూత పగిలిందని ఇంటి ఓనరుకు చెప్పడానికి మొహమాట పడొద్దు. ఆ నీళ్లు తాగేది మీ పిల్లలే.

ఇంట్లో ఎవరికైనా దగ్గు మూడు వారాలు దాటితే, జ్వరం రెండు రోజులైనా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు పారాసెటమాల్‌ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. పాత చీటీలు, రిపోర్టులు ఎలాగూ తీసుకెళ్తారు. వాటితో పాటు డాబా, బాల్కనీ, కిటికీ సజ్జ ఫొటోలు రెండు ఫోన్లో తీసి చూపించండి. ఆయన అడగకపోయినా సరే.