విమానం ఎక్కకముందు అయ్యే ఖర్చు

1895లో సరోజినీ నాయుడు ఇంగ్లాండ్ వెళ్లి చదువుకోగలిగింది నిజాం ప్రభువు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే. నేడు అలాంటి ఆసరా మన పేద పిల్లలకూ ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం పెట్టింది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షల లోపు ఉండి, విదేశంలో పీజీ సీటు తెచ్చుకుని ఎంపికైన వారికి 20 లక్షల రూపాయల వరకు రెండు విడతల్లో అందుతుంది.

అయితే ఒక చిక్కుంది. మొదటి విడత విద్యార్థి అక్కడికి చేరాకే వస్తుంది. రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత. ఐఈఎల్‌టీఎస్, జీఆర్‌ఈ పరీక్షల ఫీజులు, దరఖాస్తు రుసుములు, వీసా ఖర్చు మాత్రం ముందే కట్టాలి. ఆటో నడిపే తండ్రి ఇక్కడే వెనక్కి తగ్గుతాడు.

దరఖాస్తు పనిలోనూ తోడు కావాలి. అమెరికాలో అడిగితే దరఖాస్తు రుసుము మాఫీ చేసే యూనివర్సిటీలు చాలానే ఉన్నాయి. అడగవచ్చన్న సంగతే మన పిల్లలకు తెలియదు. తన చదువు, లక్ష్యం గురించి విద్యార్థి రాసే వ్యాసం సొంత మాటల్లోనే ఉండాలి. దాన్ని చదివి సలహా చెప్పడానికి మాలాంటి ఉపాధ్యాయులున్నాం.

దాతలకు ఒక్క మనవి. జకాత్, సదఖా లెక్క వేసేటప్పుడు అర్హులైన ఈ పిల్లల పరీక్ష ఫీజులనూ గుర్తుంచుకోండి. మీరిచ్చే వేలే వారిని ఆ లక్షల దాకా చేరుస్తాయి.